బేస్ గిటారుకు చెవి మార్చవలెనా?

సాయంకాలం పనులు ముగించి రేడియో ముందు కూర్చున్న శ్రోత ఒక సినిమా పాట వింటున్నాడనుకొందాము. పాడేవారి గొంతు అతనికి తెలుసు. వేణువు ఎక్కడ వచ్చినదో, వయొలిన్లు ఎక్కడ లేచినవో చెప్పగలడు. తబలా నడకకు కుర్చీ చేతిమీద వ్రేళ్ళు వాటంతట అవే ఆడుతుంటవి. కాని ఆ పాట అడుగున మొదటినుంచి చివరివరకు ఒక మంద్రస్వరం నడుస్తున్నదని గమనించేవారు తక్కువ. ఆ ఒక్కదానిని తీసివేసి అదే పాట వినిపిస్తే మాత్రం, ఏదో లోపించినదని అందరూ అంటారు. పెళ్ళిపందిరిని చూసి మెచ్చుకొనేవారు గుంజలను లెక్కపెట్టరు. ఒక గుంజ ఊడితే మాత్రం అందరూ పైకి చూస్తారు.

నేటి వాద్యబృందాలలో ఈ గుంజ పని చేసేది ఎక్కువగా బేస్ గిటారు. ఇళయరాజా స్వరపరచిన పాటలను శ్రద్ధగా విన్నవారికి ఈ వాద్యం తాళానికి తోడుగా ఉండటమే కాక, తనదైన ఒక స్వరమాలికను అల్లుకొంటూ పోవటం కూడా పరిచయమే. ఈ మధ్య మా ఇంట ఉన్న అటువంటి వాద్యం ఒకదానికి ‘చెవి’ మార్చవలెనా, వద్దా అన్న ప్రశ్న వచ్చినది. అది చిన్న ప్రశ్నవలె కనిపించి, చాలా విషయాలు మాచేత చదివించినది. ఒక తప్పు కూడా చేయించినది. ఆ సంగతులు రేడియో ఉన్న ఇళ్ళవారికి ఆసక్తి కలిగించగలవని ఇక్కడ విన్నవిస్తున్నాము.

ముందుగా ఈ వాద్యానికీ రేడియోకీ గల చుట్టరికం చెప్పవలె. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన ఫుల్లర్టన్ అనే ఊరిలో లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియో మరమ్మతు దుకాణం పెట్టినాడు. ఆయనకు గిటారు వాయించటం రాదు. కాని రేడియోలు, ధ్వనివర్ధకాలు బాగుచేయించుకొనటానికి వచ్చే వాద్యకారుల కష్టాలు తెలుసు. ఆ రోజులలో మంద్రస్వరానికి ఉన్నది నిలువెత్తు డబుల్ బేస్. దానిని మోయటం కష్టం. బాకాలు, డ్రమ్ముల హోరులో అది వినబడటం మరీ కష్టం. అంతకుముందే 1930 దశకంలో సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే వాద్యకారుడు గిటారువలె పట్టుకొని వాయించే విద్యుత్ బేస్‌ను తయారుచేసినాడు గాని, అది ఎక్కువ మందికి చేరలేదు. 1951లో ఫెండర్ ప్రిసిషన్ బేస్ అనే పేరుతో తన వాద్యాన్ని బజారులోకి తెచ్చినాడు. వీణకువలె దీని మెడమీద మెట్లు ఉన్నవి. మెట్టు దగ్గర నొక్కితే స్వరం తప్పదు. ఆ ఖచ్చితత్వమే పేరులోని ప్రిసిషన్ అనే మాటకు అర్థం.

1965లో ఫెండర్ సంస్థను కొలంబియా బ్రాడ్‌కాస్టింగ్ సిస్టం, అనగా ఒక ప్రసార సంస్థే, కొనివేసినది. రేడియో మరమ్మతు దుకాణంలో పుట్టినది చివరకు రేడియోవారి చేతికే వచ్చినదన్నమాట. 1985 వరకు అది వారి యాజమాన్యంలోనే ఉన్నది. మేము చెప్పబోయే మ్యూజిక్‌మాస్టర్ బేస్ ఆ కాలపు బిడ్డ. 1970 దశకం మొదట్లో వచ్చి, 1980 దశకం మొదట్లో నిలిచిపోయినది. ప్రిసిషన్ బేస్, 1960లో వచ్చిన జాజ్ బేస్ సంపాదించుకొన్న కీర్తిలో దీనికి వంతు లేదు. ఇది నేర్చుకొనే పిల్లల కోసం, తక్కువ ధరలో అందాలని చేసిన వాద్యం. పెద్ద బేస్‌లో మీటే తీగ నిడివి 34 అంగుళాలు. దీనిలో 30 మాత్రమే. చిన్న చేతులకు అందుతుంది. ఒకే లావు తీగను ఒకే స్వరానికి శ్రుతి చేసినప్పుడు దీనిమీది బిగింపు పెద్దదానిలోకంటె నూటికి 22 వంతులు తక్కువ. అందుచేత వ్రేలికి మెత్తగా ఉంటుంది, తీగ మరికొంచెం విశాలంగా ఊగుతుంది.

ధర తగ్గించటానికి సంస్థ చేసిన పొదుపులలో ముఖ్యమైనది పికప్. ఈ మాట మన ఇళ్ళకు క్రొత్త కాదు. గ్రామఫోను రికార్డుమీద సూది నడుపుతూ ధ్వనిని అందుకొనే భాగాన్ని పికప్ అనేవారు. గిటారు పికప్ చేసే పని కూడా అందుకొనటమే. కాని ఇది తీగను తాకదు, గాలిలోని శబ్దాన్నీ వినదు. తీగ క్రింద చిన్న అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వేల చుట్లుగా చుట్టిన సన్నని రాగితీగ, ఇంతే దీని నిర్మాణం. అయస్కాంతం పైనున్న ఉక్కుతీగను కూడా కొద్దిగా అయస్కాంతంగా మారుస్తుంది. తీగ ఊగినప్పుడు రాగిచుట్టలోని అయస్కాంత క్షేత్రం హెచ్చుతగ్గులవుతుంది. క్షేత్రం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని ఇంగ్లండులో మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే దీనికి ఆధారం. అలా పుట్టిన అతి స్వల్పమైన విద్యుత్తును ధ్వనివర్ధకం పెద్దది చేసి స్పీకరుకు అందిస్తుంది. అందుకే ఈ వాద్యానికి నైలాను తీగ కడితే పికప్‌కు వినబడదు. లోహం పలికితేనే ఈ చెవికి వినికిడి.

ఇక మ్యూజిక్‌మాస్టర్ బేస్‌లోని విశేషం చూడండి. దీనికి ఉన్న ఒకే ఒక పికప్ బేస్ కోసం చేసినది కాదు. ఆరు తీగల మామూలు గిటారుకోసం చేసినది. నాలుగు తీగల క్రింద ఆరు అయస్కాంతాలు! పైన రంధ్రాలు లేని నల్లని ప్లాస్టిక్ మూత ఉండటంచేత బయటికి తెలియదు. ఆరు కడ్డీల నడుమ ఐదు ఎడాలు ఉంటవి. నాలుగు తీగల నడుమ మూడు. ఐదును మూడుతో సరిగా భాగించలేము కదా. చివరి తీగలు రెండూ చివరి కడ్డీలమీదికి వస్తే నడిమి తీగలు కడ్డీలమీద కుదురుకొనవు. తరువాతి కాలంలో స్క్వయర్ పేరుతో వచ్చిన బ్రాంకో బేస్‌లో కూడా ఇదే పొదుపు కనిపిస్తుంది.

దీనిని మోసమనరాదు. అయస్కాంత క్షేత్రానికి గోడలు లేవు; ఒక కడ్డీ ప్రభావం ప్రక్కకు కూడా పాకుతుంది. కాబట్టి నడిమి తీగలు మూగబోవు. ఈ ఏర్పాటుతో ఎందరో వాయించినారు, నేర్చుకొన్నారు. కాని గిటారు స్వభావానికి చుట్టిన చెవి బేస్‌ను ఎలా వింటుందన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

దానికి జవాబు రేడియో శ్రోతలకు సులభంగా అర్థమవుతుంది. రేడియోలో స్టేషను మార్చే మర త్రిప్పినప్పుడు జరిగేదేమిటి? ఒక తీగచుట్ట, ఒక కెపాసిటరు కలిసి ఏదో ఒక్క పౌనఃపున్యానికి మాత్రం ఎక్కువగా స్పందిస్తవి. దీనినే అనునాదం అంటారు. మర త్రిప్పితే ఆ చోటు మారుతుంది, మరొక స్టేషను పలుకుతుంది. గిటారు పికప్ కూడా తీగచుట్టే. దానినుంచి ధ్వనివర్ధకానికి పోయే కేబులుకు కెపాసిటరు గుణం కొంత ఉంటుంది. రెండూ కలిసి కొన్ని వేల ఆవర్తనాల దగ్గర అనునాదం చెందుతవి. చుట్లు తక్కువైతే ఆ చోటు పైకి పోతుంది, ధ్వని చురుకుగా ఉంటుంది. చుట్లు పెరిగితే క్రిందికి దిగుతుంది, ధ్వని గుండ్రబడుతుంది. అంటే ప్రతి పికప్ ఎవరూ త్రిప్పకుండా ఒక చోట నిలిపి ఉంచిన రేడియో వంటిది.

ఇక బేస్ పలికే స్వరాలెక్కడ? దాని అన్నిటికంటె లావు తీగ సెకనుకు 41 ఆవర్తనాలు చేస్తుంది. తక్కిన మూడూ వరుసగా 55, 73, 98. అయితే ఏ తీగా తన మూలస్వరాన్ని మాత్రమే పలకదు. 41తోపాటు 82, 123, 164 ఇలా దాని గుణిజాలు కూడా వెంట వస్తవి. తంబురా మంద్ర షడ్జాన్ని మీటితే, ఎవరూ మీటని అంతర గాంధారం అందులో తేలి వినిపించటం సంగీతం తెలిసినవారికి అనుభవమే. అది ఐదవ గుణిజపు మహిమ. అరచేతి వెడల్పు స్పీకరున్న రేడియో 41 ఆవర్తనాల ధ్వనిని దాదాపు పలికించలేదు. అయినా మనం ఆ స్వరాన్ని విన్నామనే అనుకొంటాము. పైనున్న గుణిజాలు చాలు, వాటినిబట్టి మూలమేదో మన వినికిడి పూరించుకొంటుంది. ఈ సంగతి గుర్తుంచుకొనవలె. చివర మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు మా ఇంటి కథ. మా మేనమామగారు 1978లో ఇంజనీరింగు చదువుకొనటానికి కాలిఫోర్నియా వెళ్ళి, అక్కడ ఒక విద్యార్థి దగ్గర వాడిన మ్యూజిక్‌మాస్టర్ బేస్ కొన్నారు. 1984లో తిరిగివచ్చినప్పుడు దానిని దుప్పటిలో చుట్టి తెచ్చుకొన్నారు. మా చిన్నతనంలో సెలవులకు వారింటికి పోతే, రాత్రి రేడియోలో పాటలు వచ్చే వేళకు ఆయన ఆ బేస్ ఒళ్ళో పెట్టుకొని, పాటతోపాటు మెల్లగా మీటేవారు. ప్రసార వృత్తిలోకి మమ్మల్ని లాగినవాటిలో ఆ రాత్రుళ్ళు కూడా ఉన్నవి. తరువాత వ్రేళ్ళు సహకరించక ఆయన వాయించటం మానినారు. మా అమ్మాయి కళాశాల బృందంలో బేస్ వాయిస్తున్నదని విని, ఆ వాద్యాన్ని మా ఇంటికి పంపించినారు.

పదిహేను రోజులు తిరగకముందే అమ్మాయి ఫిర్యాదు చేసినది. “నాన్నా, గదిలో బాగుంటుంది. డ్రమ్ములు మొదలుపెడితే నేను వాయిస్తున్నానో లేదో నాకే తెలియదు. పికప్ మార్పిద్దాము” అన్నది. కళాశాల వార్షికోత్సవం రెండు నెలలలో ఉన్నది. బృందంలో ఆమె చోటు దానిమీద ఆధారపడి ఉన్నది. మరొక ప్రక్క, మా మేనమామగారి చేతి శబ్దమంతా ఆ నల్లని మూత క్రిందనే ఉన్నదన్న భావన మాది.

వెంటనే పికప్ జోలికి పోలేదు. రోగం తెలియకుండా కన్ను మార్చే వైద్యుడు ఉండడు కదా. మొదట తీగలు చూచినాము. అవి ఎన్నో ఏళ్ళ నాటివి. చెమట, దుమ్ము పట్టి చచ్చిపోయినవి. అటువంటి తీగ గుణిజాలను పలకదు; ఎంత మంచి పికప్ అయినా లేనిదానిని వినలేదు. 30 అంగుళాల కొలతకు తగిన క్రొత్త తీగలు కట్టించగానే సగం ప్రాణం వచ్చినది. రెండవది పికప్ ఎత్తు. ఇరుప్రక్కల ఉన్న మరలు త్రిప్పితే అది తీగలకు దగ్గరగానో దూరంగానో జరుగుతుంది. దగ్గరైతే ధ్వని పెరుగుతుంది గాని, మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగిపట్టి దాని ఊపును చెడగొడుతుంది, స్వరం వణుకుతుంది. లావు తీగ వైపు కొంచెం దించి, సన్న తీగ వైపు కొంచెం ఎత్తి, నాలుగు తీగలను సాధ్యమైనంత సమంచేసినాము. మూడవది ధ్వని తగ్గించి పెంచే మర. దానిలో చేరిన దుమ్మును కడిగే ద్రవంతో శుభ్రం చేయగా గరగర పోయినది. ఈ మూడింటికీ అయిన ఖర్చు ఒక్క తీగల వెల మాత్రమే.

అప్పుడు చేసినాము తప్పు. పని అయిపోయినా, ఆరు అయస్కాంతాలను కళ్ళారా చూడవలెనన్న కుతూహలంతో మూత తీయబోయినాము. మూత బిగుసుకొని ఉన్నది. సన్నని స్క్రూడ్రైవరు మొనను అంచులో దూర్చినాము. స్క్రూడ్రైవరు ఉక్కుది, క్రిందనున్నది అయస్కాంతం. మొనను అది లోపలికి లాగినది, చేయి జారినది. కనిపించిన గాయం ఏమీ లేదు. కాని ధ్వనివర్ధకానికి కలిపితే నిశ్శబ్దం. మీటరు పెట్టి చూస్తే, అంతకుముందు ఐదున్నర వేల ఓములు చూపిన చుట్ట ఇప్పుడు తెగిన తీగ చూపే అనంతమైన నిరోధం చూపినది. ఆ రాగితీగ మందం మిల్లీమీటరులో సుమారు పదహారవ వంతు, తలవెంట్రుక వంటిది. అటువంటి తీగ ఏడెనిమిది వేల చుట్లలో ఎక్కడ తెగినా మొత్తం మూగబోతుంది.

ఆ రాత్రి మేనమామగారికి ఫోను చేసి చెప్పటానికి చాలాసేపు ధైర్యం చాలలేదు. చెప్పిన తరువాత ఆయన కొంతసేపు మాట్లాడలేదు. అటుపిమ్మట, “మూత ఎందుకు తీసినావురా?” అన్నారు. జవాబు మా దగ్గర లేదు. “అయస్కాంతాలు బాగానే ఉన్నవి కదా?” అన్నారు. ఉన్నవన్నాము. “అయితే పైచుట్టే తెగి ఉంటుంది. భూతద్దం పెట్టి చూడు. నువ్వు మాత్రం ముట్టుకోకు, చేయి నిలకడ ఉన్నవాడికి ఇయ్యి. అమ్మాయిని ఈలోగా ఖాళీగా కూర్చోబెట్టకు, క్రొత్తది ఏదో ఒకటి వేయించు” అని ఫోను పెట్టివేసినారు.

క్రొత్త పికప్ ఎన్నిక అలా తప్పనిసరి అయినది. ఇక్కడ మేము పెట్టుకొన్న మొదటి నియమం, చెక్క కోయరాదు. పెద్ద బేస్ పికప్‌లు చాలా మంచివే గాని, ఈ వాద్యంలోని గూటిలో పట్టవు. గూడు పెద్దది చేయవలె. తీగను మళ్ళీ చుట్టవచ్చు, మరను మార్చవచ్చు. కోసిన చెక్కను మాత్రం తిరిగి అతికించినా మునుపటిది కాదు. పాత వాద్యం విలువ కూడా అంతటితో తరుగుతుంది. అదృష్టవశాత్తు ఆ గిటారు పికప్ కొలత చాలా ప్రసిద్ధమైనది కావటంచేత, అదే కొలతలో వేర్వేరు స్వభావాల పికప్‌లు దొరుకుతున్నవి.

రెండవ సమస్య ఆరు కడ్డీల లెక్క. దీనికి సులభోపాయం కడ్డీలే లేని పికప్. కొన్నిటిలో విడివిడి కడ్డీలకు బదులు ఈ చివరినుంచి ఆ చివరివరకు ఒకే ఇనుప పట్టీ ఉంటుంది; అయస్కాంతం దాని అడుగున ఉంటుంది. తీగలు నాలుగైనా ఆరైనా, ఎంతెంత దూరంలో ఉన్నా, పట్టీకి అందరూ సమానమే. ఐదును మూడుతో భాగించే చిక్కు అక్కడ తీరిపోతుంది.

మూడవది గుంయ్‌మనే రొద. మన ఇళ్ళ విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలది. ఆ తీగలనుంచి, ట్రాన్స్‌ఫార్మర్లనుంచి వెలువడే అయస్కాంత క్షేత్రాన్ని కూడా పికప్‌లోని చుట్ట వింటుంది. దానికి సంగీతమేదో కరెంటేదో తెలియదు. రేడియో ప్రక్కన ఫ్యాను రెగ్యులేటరు పెట్టిన ఇంటివారికి ఇటువంటి గోల పరిచయమే. బేస్‌కు ఇది మరీ చిక్కు. లావు తీగను మూడవ మెట్టు దగ్గర నొక్కితే వచ్చే స్వరం 49 ఆవర్తనాలు. మన కరెంటు రొద దాని ప్రక్కనే కాపురం. అమెరికాలో విద్యుత్తు 60 ఆవర్తనాలది. అక్కడ ఆ రొద మరి రెండు స్వరాల నడుమ పడుతుంది. కాబట్టి కడలు దాటివచ్చిన వాద్యం ఇక్కడ మరొక శ్రుతిలో మూలుగుతుంది.

దీనికి విరుగుడు 1950 దశకంలోనే వచ్చినది. గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను జతచేసినాడు. రెండవ చుట్టను ఎదురుదిశలో చుట్టి, దాని అయస్కాంతాన్ని కూడా తలక్రిందులు చేసినాడు. బయటి రొద రెండిటిలో ఎదురెదురుగా పుట్టి కొట్టుకొనిపోతుంది. తీగ ఊపునకు మాత్రం రెండు మార్పులూ వర్తించి, రెండుసార్లు తిరగవేసిన చొక్కా మళ్ళీ సరియైనట్లు, రెండు ధ్వనులూ ఒకదానికొకటి తోడవుతవి. 1955లో దరఖాస్తు చేసిన దీనికి 1959లో పేటెంటు వచ్చినది. 1957లో ఫెండర్ కూడా తన ప్రిసిషన్ బేస్ పికప్‌ను రెండు ముక్కలు చేసి, లావు తీగలు రెండిటికి ఒకటి, సన్న తీగలు రెండిటికి ఒకటి పెట్టినాడు. అందులోని కిటుకు కూడా ఇదే.

కాగా మేము కొన్నది పాతదాని కొలతలోనే ఉన్న, రెండు సన్నని చుట్టలు, రెండు ఇనుప పట్టీలు గలది. బిగించక ముందు పాత తీగల అమరికను ఫొటో తీసి పెట్టుకొన్నాము. టంకం కరగించి పాతదాని రెండు కొసలు విడదీసి, క్రొత్తవి అతికించే పని మా కేంద్రంలో పూర్వం పనిచేసి విశ్రాంతి తీసికొంటున్న ఒక సాంకేతిక నిపుణునికి అప్పగించినాము. ధ్వని మర, స్వరపు మర పాతవే ఉంచినాము. జంటచుట్ట పికప్‌కు 500 వేల ఓముల మరలు వాడటం వాడుక. ఒంటి చుట్టకు 250 వేలు చాలును. చిన్న విలువది పెడితే పై గుణిజాలు కొంచెం మెత్తబడతవి. బేస్‌కు అది లోపం కాదు. మార్చినకొద్దీ మార్చవలెననిపిస్తుంది, ఎక్కడ ఆగవలెనో ముందుగా నిర్ణయించుకొనటం మంచిది.

ఆ నిపుణుడే పాత చుట్టను కూడా భూతద్దం క్రింద పరీక్షించినారు. మేనమామగారి ఊహ నిజమే. తెగినది పై వరుసలోనే. నాలుగైదు చుట్లు విప్పి, కొసమీది లక్కపూతను గీకి, టంకం వేసి బయటి కొసకు కలిపినారు. మీటరు మళ్ళీ ఐదున్నర వేలు చూపినది. వేల చుట్లలో నాలుగైదు పోతే చెవికి తెలియదు. మాకు మాత్రం ఆ మీటరు ముల్లు కదలటం చూచినప్పుడు గుండె మీది బరువు దిగినట్లయినది.

ఇప్పుడు చెవులు రెండు, వాద్యం ఒకటి. వృత్తి రీత్యా మాకు చేతనైనది వినటం. పాత పికప్‌తో ఒకసారి, క్రొత్తదానితో ఒకసారి, అవే తీగలు, అదే కేబులు, అదే స్వరమాలిక అమ్మాయిచేత వాయించి రికార్డు చేసినాము. రెండు రికార్డులను ఒకే ధ్వని మట్టానికి తెచ్చి మరీ విన్నాము. ఎందుకనగా, రెండిటిలో కొంచెం బిగ్గరగా ఉన్నదే మంచిదని చెవికి భ్రమ కలుగుతుంది.

పెద్ద స్పీకర్లలో తేడా స్పష్టం. క్రొత్తదానిలో నాలుగు తీగలు సమానంగా పలికినవి. మంద్రం అడుగున నిలబడినది. స్వరానికీ స్వరానికీ నడుమ నిజమైన నిశ్శబ్దం ఉన్నది. పాతదానిలో ఆ బరువు లేదు, వెనుక సన్నని రొద ఉన్నది. కాని వ్రేలు తీగను విడిచిన ఆ క్షణపు చిరుశబ్దం దానిలో ఎంతో స్ఫుటంగా ఉన్నది. అయినా ఎవరు విన్నా రెండూ ఒకే వాద్యమని చెప్పగలరు. దానికి కారణం, పికప్ మారినా అది కూర్చున్న చోటు మారలేదు. వీణను గుర్రం దగ్గర మీటితే ఒక ధ్వని, దూరంగా మీటితే ఒక ధ్వని కదా. అట్లే తీగను ఏ చోట వింటున్నామన్నది కూడా వాద్యం గొంతులో పెద్ద భాగం. ఆ భాగం మేనమామగారి నాటిదే.

తరువాత అవే రికార్డులను ఇంట్లోని చిన్న రేడియో స్పీకరులో వినిపించినాము. ఫలితం తారుమారైనది. క్రొత్తదాని బరువంతా ఆ స్పీకరు దాటిరాలేదు. పాతదే సులభంగా వినబడినది. ముందు చెప్పిన గుణిజాల సంగతి ఇక్కడ పనికివచ్చినది. చిన్న స్పీకరులో మంద్రాన్ని మోసుకొనివచ్చేవి అవే. వాటిని పాత చెవి ఎక్కువగా వింటుంది. రేడియో పాటకు తోడుగా చిన్న గదిలో వాయించుకొన్న మనిషికి ఆ పికప్ ఎన్నడూ చాలకపోలేదు. డ్రమ్ముల ప్రక్కన, పెద్ద వేదికమీద నిలబడవలసిన పిల్లకు అది చాలలేదు. లోపం పికప్‌లో లేదు, మా అమ్మాయి చేతిలో లేదు, పని మారినది.

రెండు రికార్డులనూ మేనమామగారికి పంపినాము. ఏది ఏదో చెప్పలేదు. ఆయన వెంటనే పాతదానిని గుర్తుపట్టినారు. “నా చెవికి ఇదే ఇష్టం. కాని ఇప్పుడు వాయించేది నేను కాదు కదా. దానికి ఏది కావలెనో అది ఉంచండి” అన్నారు. వార్షికోత్సవంలో అమ్మాయి క్రొత్తదానితోనే వాయించినది. అది ఇప్పటికీ వాద్యంలోనే ఉన్నది. పాత పికప్ దాని నల్లని మూతతో, మరలతో సహా ఒక చిన్న డబ్బాలో బీరువాలో భద్రంగా ఉన్నది. తీసిన తేదీ, తీగల రంగులు, తెగినచోటు అన్నీ ఒక కాగితంమీద వ్రాసి లోపల పెట్టినాము. రేపు ఎవరైనా తిరిగి బిగించదలిస్తే ఒక గంట పని.

పేరులేని పాత వాద్యం ఇంట ఉన్నవారికి మా అనుభవంలో తేలినది ఇది. ముందు తీగలు మార్చండి. తరువాత పికప్ ఎత్తు సరిచూడండి. ఆ తరువాత మరలు, అతుకులు శుభ్రం చేయించండి. అప్పటికీ చాలకపోతే, ఆ వాద్యం ఎక్కడ, ఎవరి నడుమ, ఎటువంటి స్పీకరులో వినబడవలెనో తేల్చుకొని పికప్ మార్చండి. మార్చినదానిని మళ్ళీ వెనుకకు త్రిప్పగలిగేటట్లు మార్చండి. తీసినదానిని పారవేయకండి. చూడవలెనన్న కుతూహలంతో మూతలు మాత్రం తీయకండి. తీయక తప్పదంటే, ఉక్కు మొనను అయస్కాంతం దగ్గరికి పోనీయకండి.

ఈ రాత్రి మీ రేడియోలో పాట వచ్చినప్పుడు, గాయకుని గొంతును ఒక్క క్షణం ప్రక్కన పెట్టి, దాని అడుగున నడిచే ఆ మంద్రస్వరాన్ని పట్టుకొనటానికి ప్రయత్నించండి. ఒకసారి చిక్కితే, ఇక అది మిమ్మల్ని విడువదు.